పది రోజుల పండగ... గల్లాపెట్టెకు ఎన్ని రోజులు?

సాయంత్రం ఆరు దాటితే చాలు... దసరా రోజుల్లో ప్రొద్దుటూరు రూపే మారిపోతుంది. అమ్మవారిశాలకు వెళ్లే దారులన్నీ దీపాల తోరణాలే. ఒక పక్క చామంతి, కనకాంబరాల బుట్టలు. మరో పక్క బొరుగులు, మిక్చర్, మిరపకాయ బజ్జీల బండ్లు. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు, భుజాల మీద పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రులు, పల్లెల నుంచి ఆటోల్లో దిగే జనం... ఇసకేస్తే రాలదు!

అదే వీధిలో ఇనుప సామాన్ల అంగడి ఒకటి ఉందనుకోండి. యజమాని కుర్చీ బయటేసుకుని కూర్చుంటాడు. ఎదురుగా వేల మంది పోతుంటారు. ఒక్కరూ లోపలికి రారు. పండగ పూట మేకులెవరు కొంటారు? కొనాలనుకున్నవాడికి బండి ఆపుకోవడానికి చోటేదీ?

ఊరంతా పండగ చేసుకుంటుంటే, అదే వీధిలో ఒకడి గల్లాపెట్టె గలగలమంటుంది. ఇంకొకడిది మూగబోతుంది. మరి రోజుల తరబడి సాగే పండగ ఊరి వ్యాపారానికి మేలా... చేటా?

రెండో మైసూరు

దసరా అనగానే మైసూరు గుర్తొస్తుంది. ఆ తర్వాత ఎక్కడ అంటే కడప జిల్లా వాసులు ఠక్కున చెప్పే పేరు ప్రొద్దుటూరు. శ్రీ వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారికి రోజుకో అలంకారం. కరెన్సీ నోట్లతో చేసే అలంకరణ చూడటానికి పొరుగు జిల్లాల నుంచీ వస్తారు. చివర్లో తొట్టి మెరవణి. దీపాలు, పూలు, వాద్యాలు, కళాకారుల బృందాలతో రాత్రంతా సాగే ఆ ఊరేగింపు కోసం వీధుల వెంట జనం గంటల తరబడి నిలబడతారు.

ఈ ఊరికి ఇంకో పేరూ ఉంది. రెండో బొంబాయి! బంగారం, బట్టలు, పత్తి, నూనె మిల్లులు... పెన్నా ఒడ్డున ఉన్న ఈ ఊరు వ్యాపారంతోనే పెరిగింది. 1915లోనే పురపాలక సంఘమైంది. పండగా వ్యాపారమూ చెట్టాపట్టాలేసుకుని నడిచే ఊరు కాబట్టే, లాభనష్టాల లెక్క ఇక్కడ తేలినంత స్పష్టంగా మరోచోట తేలదు.

గాజుల అంగడి లెక్క

ఓ చిన్న గాజుల అంగడిని ఊహించుకుందాం. మామూలు రోజుల్లో రోజుకు 5 వేల రూపాయల బేరం. అంటే నెలకు లక్షన్నర.

దసరా నెల వచ్చింది. ‘ఎలాగూ పండక్కి కొంటాం కదా’ అని పండక్కి ముందు ఐదు రోజులు జనం ఆగిపోయారు. రోజుకు 3 వేలే. పండగ పది రోజులూ రోజుకు 9 వేలు. ఆ తర్వాత పదిహేను రోజులు చేతిలో డబ్బుల్లేక మళ్లీ 3 వేలు. మొత్తం కూడితే ఎంత? 15 వేలు, 90 వేలు, 45 వేలు... సరిగ్గా లక్షన్నర! పండగ పది రోజులూ అన్నం తినే తీరిక కూడా దొరకలేదు. నెల తిరిగేసరికి బేరం మాత్రం పైసా పెరగలేదు.

సాయానికి పెట్టుకున్న కుర్రాడికి రోజుకు 500 చొప్పున 5 వేలు. దీపాలకు, చందాలకు 2 వేలు. అంటే 7 వేలు చేతి నుంచి పడినట్టే.

ఇప్పుడు ఇదే లెక్కను మరోలా చూద్దాం. పండక్కి వచ్చి కొన్నవాళ్లలో చాలామంది పొరుగూళ్ల వాళ్లయితే? ఊళ్లోవాళ్ల కొనుగోళ్లు పండగ తర్వాత తగ్గవు. చివరి పదిహేను రోజులూ 5 వేల చొప్పునే నడుస్తుంది. నెల బేరం లక్షా 80 వేలు. అదనంగా వచ్చింది 30 వేలు. నూటికి పాతిక మిగులుతుందనుకుంటే ఏడున్నర వేలు. అందులోంచి 7 వేల ఖర్చు తీసేస్తే... నికరంగా మిగిలేది 500!

ఇది ఊహించి వేసిన లెక్కే. కానీ అంగడి నడిపే ఏ ఇంట్లో చూపించినా తలూపుతారు. పండగ వ్యాపారంలో అసలు ప్రశ్న ‘ఎంత అమ్మావు’ అని కాదు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? పండగ లేకపోతే ఎటు పోయేది? ఖర్చులు పోను ఊళ్లో ఎంత నిలిచింది? ఈ మూడే.

బంగారం సంగతీ అంతే. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, ఆశ్వయుజంలో దసరా, ఇరవై రోజులు తిరక్కుండానే ధనత్రయోదశి. మధ్యతరగతి ఇల్లాలు కొనేది ఒక్క జత కమ్మలు. ఏ పండక్కి కొన్నా ఆ జత ఒక్కటే. 2025లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష దాటాక ఆ ఒక్కటీ ఆలోచించి కొనాల్సి వచ్చింది. కాబట్టి దసరాకు అమ్మింది దీపావళికి తగ్గుతుంది. కానీ కడపకో నంద్యాలకో పోవాల్సిన పెళ్లివారు అమ్మవారిని చూడటానికొచ్చి ఇక్కడే నగలు కొన్నారా... అది ఊరికి నిజమైన రాబడి.

ఇంకో చిక్కుంది. వేరుశనగ ఇంకా కళ్లంలో ఉండగానో, అసలు పీకకముందో దసరా వచ్చేస్తుంది. పత్తి తీతలూ అప్పుడప్పుడే మొదలవుతాయి. రైతు చేతికి పంట డబ్బు రాకముందే పండగ ముగిసిపోతుంది. వాన మొహం చాటేసిన ఏడాది జనం వస్తారు, చూస్తారు, దండం పెట్టుకుని వెళ్తారు. పండగని నమ్మి నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పుతెచ్చి సరుకు నింపిన వ్యాపారికి మాత్రం ఆ బట్టల మూటలు సంక్రాంతి దాకా బీరువాలోనే!

నీళ్ల పండగలో నిప్పులాంటి ప్రశ్న

ఇది మన దగ్గరే ఉన్న తంటా కాదు. థాయిలాండ్‌లో ఏటా ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ జరుపుకుంటారు. వాళ్ల కొత్త సంవత్సరం. పేరు సంస్కృత ‘సంక్రాంతి’ నుంచి వచ్చిందే కాబట్టి మన పండక్కి చుట్టమే. బుద్ధ విగ్రహాలకు, పెద్దల చేతులకు సుగంధ జలం పోసి ఆశీస్సులు అందుకోవడం సంప్రదాయం. ఇప్పుడది వీధుల్లో హోలీలా మారింది. రంగులకు బదులు నీళ్లు. తుపాకులు, బకెట్లు, గొట్టాలు... దొరికినవాళ్లను దొరికినట్టు తడిపేస్తారు. 2023 డిసెంబరులో యునెస్కో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2024లో అక్కడి ప్రభుత్వం ఏకంగా ఏప్రిల్ 1 నుంచి 21 వరకు వేడుకలు ప్రకటించింది.

పటాయా లాంటి పర్యాటక పట్టణంలో మూడు రోజులు అయిపోయాక కూడా 19 వరకు ఈ నీళ్లాట సాగుతుంది. హోటళ్లు, విమాన సంస్థలు, నీళ్ల తుపాకులు అమ్మేవాళ్లకు పండగే. వీధి మీద అంగడి ఉన్నవాళ్లు మాత్రం సరుకు మీద ప్లాస్టిక్ పట్టలు కప్పుకుని కూర్చోవాలి. తడిసిపోతామని రోజూ వచ్చే ఖాతాదార్లు ఇల్లు కదలరు. ‘మూడు రోజులైతే సరదా... వారమైతే శిక్ష’ అని తలుపులకు తాళాలేసి వేరే ఊరికి పోయేవాళ్లూ ఉన్నారు. పండగ రోజుల రోడ్డు ప్రమాదాలను లెక్కేయడానికి ఆ దేశంలో ‘ఏడు ప్రమాద దినాలు’ అనే మాటే పుట్టింది.

పండగ పొడుగు పెంచితే ఆదాయమూ అంతే పెరుగుతుందనుకోవడం పొరపాటు. చెరుకు రసంలో నీళ్లు కలిపితే గ్లాసులు పెరుగుతాయి... తీపి పెరగదు!

కోటలో సందడి... ఊళ్లో?

ప్రొద్దుటూరుది పొడుగు పండగ. పక్కనే ఉన్న జమ్మలమడుగుది ఇంకో తీరు. అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో గండికోట. పెన్నా నది ఎర్రటి బండల్ని నిలువునా కోసుకుంటూ పారే లోయ, దాని అంచున కోట. పెమ్మసాని నాయకుల పాలన చూసిన ఆ కోటలో ప్రభుత్వం గండికోట ఉత్సవాలు జరుపుతుంటుంది. 2020 జనవరిలో రెండు రోజులు చేశారు. పాటలు, ఆటలు, దీపాల వెలుగులు. జనం పోటెత్తుతారు.

మరి జమ్మలమడుగుకు ఏం మిగులుతుంది? వచ్చినవాళ్లు ఇంటి నుంచే పులిహోర కట్టుకుని, సాయంత్రం కార్యక్రమం చూసి, రాత్రికే వెనుదిరిగితే ఊరికి దక్కేది ఆటో చార్జీ, టీ డబ్బులే. వేదిక, దీపాలు, మైకుల కాంట్రాక్టు బయటివాళ్లదైతే ఆ సొమ్మూ బయటికే. అదే ఓ కుటుంబం రాత్రి ఇక్కడే బస చేసిందనుకోండి... గది అద్దె, రెండు పూటల భోజనం, పొద్దున టిఫిను, దారిలో కొనే చిరుతిళ్లు. ఒక్క రాత్రి నిద్ర ఊళ్లో పది చేతులకు పని ఇస్తుంది. గండికోట అభివృద్ధికి 2024లో కేంద్రం 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ ఖర్చుకు ఫలితం ఉత్సవాల రోజు వచ్చిన జనంతో తేలదు. ఉత్సవాల్లేని మంగళవారం నాడు జమ్మలమడుగులో ఎంతమంది రాత్రి ఆగారన్నదే కొలమానం.

శనివారాల చమత్కారం

పులివెందుల వైపు వెళ్తే మూడో తీరు కనిపిస్తుంది. వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చేచోట గండి వీరాంజనేయ స్వామి క్షేత్రం. రాముడే బాణం కొనతో బండ మీద హనుమంతుడి రూపం గీశాడని భక్తుల నమ్మకం. శ్రావణమాసమంతా ఉత్సవాలే. కానీ జనం వెల్లువెత్తేది శనివారాల్లో. నాలుగు వారాలో, ఐదు వారాలో!

వ్యాపారి కంటితో చూస్తే ఇందులో గొప్ప వెసులుబాటుంది. మొదటి శనివారం వాన పడి బొమ్మలు అమ్ముడుపోలేదా? రెండో శనివారం ఉంది. టెంకాయలు చాలలేదా? వచ్చే వారానికి ఇంకో వంద ఎక్కువ తెచ్చుకోవచ్చు. ఒకేసారి అప్పుచేసి సరుకు నింపక్కర్లేదు. ఈ వారం రాబడే వచ్చే వారం పెట్టుబడి. మధ్యలో ఆరు రోజులు దారులు ఖాళీగా ఉంటాయి కాబట్టి మిగతా వ్యాపారాలకూ అడ్డు ఉండదు. పులివెందుల ప్రాంతపు అరటి రైతుకు కూడా శ్రావణం నుంచి దసరా దాకా వరసగా వచ్చే పండగలు కలిసొచ్చే కాలమే.

పండగ తేదీలను వ్యాపారం కోసం మార్చలేం. మార్చాలని ఎవరూ అడగరు కూడా. తిథి తిథే, ఆచారం ఆచారమే. మార్చుకోగలిగింది పండగ చుట్టూ మనం చేసే ఏర్పాట్లనే.

ఏం చేయొచ్చు?

పశ్చిమ బెంగాల్ దుర్గాపూజ దీనికి మంచి ఉదాహరణ. 2019 పూజల ఆర్థిక విలువ 32,377 కోట్ల రూపాయలని బ్రిటిష్ కౌన్సిల్ అధ్యయనం లెక్కగట్టింది. అక్కడ విగ్రహం చేసే కుమ్మరి, పందిరి వేసే కూలీ, దీపాలు కట్టే పనివాడు... చాలామంది ఆ రాష్ట్రం వాళ్లే. అందుకే డబ్బు అక్కడే తిరుగుతుంది.

మన ఊళ్లలోనూ చేయదగ్గవి ఉన్నాయి. ఊరేగింపు ఏ వీధిలో ఏ సమయానికి వస్తుందో ముందే ప్రకటిస్తే, ఆ వీధి అంగళ్లవాళ్లు పొద్దుటిపూట బేరాలు పూర్తి చేసుకుంటారు. టోకు సరుకు లారీలకు మధ్యాహ్నం దాకా దారి వదిలితే పల్లె అంగళ్లకు సరుకు ఆగదు. మందుల షాపులకు, ఆసుపత్రులకు వెళ్లే దారి ఏ క్షణంలోనూ మూయకూడదు. ఎగ్జిబిషన్ స్టాళ్లలో కొన్నింటిని తక్కువ అద్దెకు స్థానిక చేనేత కార్మికులకు, పొదుపు సంఘాల మహిళలకు కేటాయించవచ్చు. చందా అన్నది ఇచ్చేవాడి ఇష్టం కావాలి... అడిగేవాడి పట్టుదల కాకూడదు.

కొనేవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. ఏడాది పొడుగునా అప్పు పెట్టే వీధి చివరి అంగడిని పండగనాడు మరిచిపోయి, మెరిసే దీపాల వెంట వెళ్తే ఎలా? ఒక్క చీరైనా, ఓ డజను గాజులైనా అక్కడ కొంటే ఆ ఇంట్లోనూ పండగే కదా!

తొట్టి మెరవణి మరుసటి రోజు పొద్దున... వీధుల్లో వాడిన పూలు, కాగితాలు, చెరుకు పిప్పి. ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల చీపుళ్ల చప్పుడు. సీరియల్ దీపాల తీగలు చుట్టుకుంటున్న కుర్రాళ్లు. పూలమ్మే అవ్వ కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకుంటుంది. అటు ఇనుప అంగడి యజమాని షట్టర్ ఎత్తి, సాంబ్రాణి వేసి, పది రోజుల తర్వాత వచ్చే మొదటి బోణీ కోసం వీధిలోకి చూస్తాడు.

అమ్మవారు ఇద్దరినీ చల్లగా చూడాలి. ఆమె చూపుకు తోడు, ఊరు కూడా ఇద్దరి గురించీ ఆలోచించాలి!