చిన్న చేపకు ఎంత చోటు కావాలి?



ఈ నెల ఒక చేపను గూర్చి వ్రాస్తున్నాను. కూర వండుకొనే చేప కాదు, పిల్లలు ముచ్చటపడి పెంచుకొనే చేప. దుకాణాల్లో దాన్ని ఫైటర్ చేప అంటారు. అసలు పేరు బెట్టా.

కొన్నేళ్ల క్రితం మా సండేస్కూలులో వాక్యాలన్నీ కంఠస్థం చేసిన ఒక బాబుకు బహుమానంగా పట్నం నుండి ఒక ఫైటర్ చేప తెచ్చాను. నీలిరంగు ఒళ్లు, పట్టుచీర కుచ్చెళ్లలాంటి తోక. దుకాణంలో అతను దాన్ని ప్లాస్టిక్ గ్లాసులో పెట్టి ఇస్తూ, “దీనికి చిన్న సీసా చాలండీ, ఏమీ కాదు” అన్నాడు. నమ్మాను. పచ్చడి సీసా కడిగి, అందులో వేసి ఇచ్చాను. అది డిసెంబరు నెల.

మూడు వారాలు తిరక్కుండానే ఆ బాబు సీసా పట్టుకొని మా గుమ్మంలోకి వచ్చాడు. “అమ్మగారూ, రోజూ నీళ్లు మార్చాను. మెతుకులు వేశాను. ఎందుకు చచ్చిపోయింది?” అని అడిగాడు. “దేవుని చిత్తం నాయనా” అనబోయి ఆగిపోయాను. నా తెలియనితనాన్ని దేవుని మీద పెట్టడం న్యాయం కాదనిపించింది. “కనుక్కొని చెబుతాను” అన్నాను.

తెలిసినవారిని అడిగి, చదివి తెలుసుకున్న సంగతులు ఇవి.

బెట్టా స్వదేశం థాయ్‌లాండ్. అక్కడి వరిమళ్లలో, బురద గుంటల్లో, మెల్లగా పారే కాలువల్లో అది పెరుగుతుంది. 2019లో ఆ దేశ ప్రభుత్వం దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. ఒళ్లు సుమారు 6 సెంటీమీటర్లు, అంటే మన చిటికెన వేలంత. బాగా చూసుకొంటే రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బ్రతుకుతుంది.

మన కొరమేను నీటిపైకి వచ్చి గాలి పీల్చడం మీరు చూసే ఉంటారు. బెట్టా కూడా అంతే. మొప్పలు కాక, గాలి పీల్చుకొనే ప్రత్యేక అవయవాన్ని సృష్టికర్త దాని తలలో అమర్చాడు. ఎండకు మడి ఇంకిపోయి గుంటలో చిక్కుకొన్నా ఆ అవయవంతో కొంతకాలం తట్టుకొంటుంది. దీన్ని చూసే “దీనికి గ్లాసెడు నీళ్లు చాలు” అనే మాట పుట్టింది. కరువులో గంజి త్రాగి బ్రతికినవాణ్ణి చూపి, వీడికి ఎప్పుడూ గంజే చాలు అన్నట్టుంది ఆ మాట. వరిమడిలో నీటి లోతు తక్కువే గానీ, వెడల్పు ఎంత ఉంటుందో రైతులైన మీకు నేను చెప్పనక్కరలేదు.

చిన్న సీసాలో చేప విసర్జించినది, తినకుండా వదిలినది కుళ్లి అమ్మోనియా అనే విషం తయారవుతుంది. నీరు తక్కువైతే విషం త్వరగా చిక్కబడుతుంది. అలాగని రోజూ మొత్తం నీళ్లు మారిస్తే, వేడి చల్లదనాలు ఒక్కసారి మారి చేప అదిరిపోతుంది. పైగా కుళాయి నీటిలో బ్లీచింగ్ ఉంటుంది. మా బాబు చేసిన సేవ కూడా ఆ చేపకు కీడే అయింది. డిసెంబరు చలి సంగతి సరేసరి.

ఎవరైనా పిల్లలు బెట్టాను పెంచాలనుకొంటే పెద్దలు ఈ విషయాలు గమనించండి.

1. కనీసం 20 లీటర్ల నీరు పట్టే గాజు తొట్టి కావాలి. మంచినీళ్ల డబ్బాలో పట్టేటంత నీరన్నమాట. 16 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల నీటి లోతు ఉంటే సరిపోతుంది. ఎత్తైన సీసా కన్నా పొడవైన తొట్టి మంచిది.

2. పైన కొంత ఖాళీ వదలి, గాలి ఆడే మూత పెట్టండి. ఈ చేప ఎగిరి బయట పడుతుంది.

3. నీటి వేడి 24 నుండి 28 డిగ్రీల మధ్య ఉండాలి. చలికాలంలో చిన్న హీటరు అవసరం. ఎండ తగిలే కిటికీలో పెట్టవద్దు.

4. మెల్లగా నడిచే స్పాంజి ఫిల్టరు పెట్టండి. వారానికొకసారి పావువంతు నీరు మాత్రమే మార్చండి. కుళాయి నీటిని ఒక పగలు, ఒక రాత్రి వెడల్పాటి బకెట్లో ఉంచి వాడండి.

5. ఇది పురుగులు తినే చేప. మెతుకులు, మరమరాలు వేయవద్దు. బెట్టా కోసం అమ్మే గుళికలు రోజుకు రెండు పూటలు, పూటకు రెండు మూడు చాలు.

6. రెండు మగచేపలను కలిపి ఉంచవద్దు. అద్దం చూపి రెచ్చగొట్టడం వినోదం కాదు.

7. విసుగు పుట్టిందని చెరువులోనో బావిలోనో వదలవద్దు. పెంచలేమనుకొంటే పెంచగలవారికి ఇవ్వండి.

ఇంత ఖర్చు మనవల్ల కాదనిపిస్తే కొనకుండా ఉండడమే దానికి మనం చేయగల మేలు.

తన దగ్గరున్న మూగజీవి బాగోగులు పట్టించుకోవడం నీతిగలవాని గుర్తు అని సామెతలు 12వ అధ్యాయం 10వ వచనం మనకు నేర్పుతుంది. మూగజీవి తనకేమి కావాలో నోరు తెరచి అడగదు. ఆ చేప కూడా సీసాలో ఊరకే ఉంది. ఊరకే ఉంది కదా, బాగానే ఉందనుకొన్నాను. చావకపోవడం వేరు, బ్రతకడం వేరు.

ఇది వ్రాస్తుంటే మన ఇళ్లలోని వసారా మంచాలు గుర్తుకొస్తున్నాయి. “మామ్మకేం, ఏదైనా సర్దుకుపోతుంది” అంటాం. ఆమె ఏమీ అడగదు గనుక ఆమెకేమీ అక్కరలేదనుకొంటాం. హాస్టల్లో వేసిన పిల్లవాడు ఉత్తరం ముక్క వ్రాయకపోయినా, ఫోనులో “బాగున్నాను” అన్న ఒక్క మాటే చెప్పినా, అంతటితో నిశ్చింతగా ఉంటాం. సర్దుకుపోయేవారి మౌనాన్ని సంతోషమనుకోవడం మనకు ఎంత సులువు!

ఆ బాబు దగ్గరికి వెళ్లి, “తప్పు నీది కాదు నాయనా, నాది. తెలుసుకోకుండా ఇచ్చాను” అని చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే ఈసారి పెద్ద తొట్టి కొందామా అమ్మగారూ?” అన్నాడు. ఎండాకాలం సెలవుల్లో కొన్నాం. ఆ తొట్టిలోని ఎర్రచేప రెండు క్రిస్మసులు చూసింది.

ఈ నెల కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఒకరినొకరు ఈ ప్రశ్న వేసుకోండి: మన ఇంట్లో ఏమీ అడగకుండా ఉన్నది ఎవరు? ప్రార్థన ముగిశాక లేచి వారి ప్రక్కన కాసేపు కూర్చోండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక.