మన కాలేజీకి ఒక పొద్దుతిరుగుడు పీఠం కావాలి

ఆకాశాన్ని గురించి నేర్చుకోవాలంటే రాత్రి కావాలని మనందరికీ ఒక నమ్మకం. టెలిస్కోపు అనగానే చీకటి, చుక్కలు, చంద్రుడు గుర్తుకు వస్తాయి. కాని మన కాలేజీ నడిచేది పగటిపూట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చే మాలాంటి వాళ్లకు సాయంత్రం నాలుగు దాటిందంటే కళ్లు గడియారం మీద, మనసు బస్టాండులో. ఆఖరి బస్సు తప్పితే ఆడపిల్లల ఇళ్లల్లో ఎంత కంగారో వేరే చెప్పనక్కర్లేదు. ఇలాంటి మనకు రాత్రి ఆకాశం ఎప్పటికి దక్కాలి? బీఎస్సీ మూడేళ్లూ చదివి, ఒక్క నక్షత్రాన్నయినా సరిగ్గా చూడకుండానే పట్టా పుచ్చుకొని వెళ్లిపోతున్నాం.

అయితే ఒక్క నక్షత్రం మాత్రం మన కాలేజీ వేళల్లోనే ఆకాశంలో ఉంటుంది. హాజరు కూడా బాగానే ఇస్తుంది. అదే సూర్యుడు!

నేను చెప్పదలచింది ఒకే ఒక్క మాట. మన కాలేజీ రాత్రి ఆకాశం కోసం పెద్ద టెలిస్కోపు కొనాలని ఆలోచించే ముందు, సూర్యుణ్ణి చూడడానికి ఒక చిన్న టెలిస్కోపు, దాన్ని సూర్యుడి వెంట తిప్పే ఒక పీఠం సంపాదించాలి. ఆ పీఠం చేత్తో మోసుకుపోగలిగేదై ఉండాలి. అది మన ప్రయోగశాలలో బందీగా ఉండకూడదు. ఊరూరా తిరగాలి.

టెలిస్కోపు సరే, తిరిగే పీఠం ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. ఎండాకాలం చెట్టు కింద ఎద్దును కట్టేసిన వాళ్లకు ఈ సంగతి తెలుసు. గంట గడిచేసరికి నీడ జరిగిపోతుంది, ఎద్దు ఎండలో పడుతుంది. మళ్లీ విప్పి, జరిపి కట్టాలి. టెలిస్కోపుతోనూ ఇదే తంటా. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతున్నట్టు కనిపిస్తాడు. సూర్యబింబం వెడల్పు మనకు కనపడేది అర డిగ్రీ. అంటే ప్రతి రెండు నిమిషాలకూ సూర్యుడు తన వెడల్పంత దూరం పక్కకు పోతాడన్నమాట. బింబం నిండుగా కనిపించేట్టు టెలిస్కోపు బిగించి, ఒక్కొక్కరికి అర నిమిషం ఇచ్చామనుకోండి. నలుగురు చూసేసరికి సూర్యుడు దాటిపోయాడు! ఐదో విద్యార్థికి కనిపించేది చీకటి. అరవైమంది ఉన్న తరగతిలో మాస్టారు గొట్టాన్ని జరుపుతూనే ఉండాలి. చివరికి సూర్యుణ్ణి బాగా చూసేది మాస్టారొక్కరే.

ఈ జరిపే పనిని యంత్రానికి అప్పగించడమే పొద్దుతిరుగుడు పీఠం. పేరు నేను పెట్టుకున్నదే. పొద్దుతిరుగుడు మొక్క లేతగా ఉన్నప్పుడు పొద్దున తూర్పుకూ సాయంత్రం పడమరకూ తల తిప్పుతుంది. ముదిరి పువ్వు విచ్చాక తూర్పుముఖంగా నిలిచిపోతుంది. మన పీఠం మాత్రం ముదరదు, తిరుగుతూనే ఉంటుంది.

దీని సూత్రం మనం చదువుకున్న భౌతికశాస్త్రమే. భూమి ఇరుసుకు సమాంతరంగా ఒక ఇరుసును వంచి నిలపాలి. ఆ వంపు ఎంతంటే మన ఊరి అక్షాంశమంత. జగిత్యాల, కోరుట్లలకు దాదాపు 18.8 డిగ్రీలు, సిరిసిల్లకు 18.4 డిగ్రీలు. ఆ ఇరుసు పైకొన ఉత్తరాన ధ్రువనక్షత్రం వైపు చూడాలి. పగలు ధ్రువనక్షత్రం కనపడదు కనుక దిక్సూచి పెట్టుకోవచ్చు. లేదా, సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చిన వేళ, వేలాడదీసిన గుండుదారం నీడ గీతను పట్టుకోవచ్చు. ఇక ఆ ఇరుసు 24 గంటలకు ఒక చుట్టు తిరిగితే చాలు, సూర్యుడు టెలిస్కోపులో కదలకుండా నిలుస్తాడు. 144 పళ్ల చక్రానికి ఒక వర్మ్ గేరు తగిలిస్తే, ఆ వర్మ్ పది నిమిషాలకు ఒక్కసారి తిరగాలి. లెక్క కట్టి చూడండి, 24 గంటలంటే 1,440 నిమిషాలు. ఇంతకన్నా సులువైన లెక్క మన ప్రాక్టికల్ రికార్డులో మరొకటి లేదు.

ఇటీవల విదేశీ కంపెనీలు మరింత తెలివైన పీఠాలు తెచ్చాయి. నేలమీద పెట్టి స్విచ్చి నొక్కితే అది ఉపగ్రహాల ద్వారా తానున్న చోటునూ సమయాన్నీ తెలుసుకొని, సూర్యుడు ఎక్కడుండాలో లెక్క వేసుకొని, అటు తిరిగి, కాంతిని పసిగట్టే పరికరంతో గురి సరిచూసుకుంటుంది. బ్యాటరీలతో నడుస్తుంది, సంచిలో పడుతుంది. చాలా బాగుంది. కాని ఇలాంటి పీఠం ఒక ఇరుసు మీద పక్కకూ మరో ఇరుసు మీద పైకీ తిరిగే రకం. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉన్నప్పుడు దానికి దిక్కు తోచదు, క్షణాల్లో తూర్పునుంచి పడమరకు గిర్రున తిరగాల్సి వస్తుంది. ఐరోపాలో సూర్యుడు ఏనాడూ నడినెత్తికి రాడు కనుక వాళ్లకు ఆ బెడద లేదు. మన జగిత్యాలలో మే నెల నడుమ ఒకసారి, జూలై ఆఖరున ఒకసారి వస్తాడు. కాబట్టి కొనేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. మనకు వంపు ఇరుసు పీఠమే మేలని నా అభిప్రాయం. దాన్ని చూస్తూ విద్యార్థి భూభ్రమణం నేర్చుకుంటాడు. స్విచ్చి నొక్కితే అన్నీ తానే చేసే పెట్టె దగ్గర స్విచ్చి నొక్కడమే నేర్చుకుంటాడు.

మరి దాన్ని ఎవరు చేసిపెడతారు? మన సిరిసిల్ల ఉండగా ఈ ప్రశ్న ఎందుకు? సాంచాల చప్పుడు విన్నవాళ్లు చాలామంది ఉంటారు, కాని సాంచె లోపలికి తొంగిచూసిన వాళ్లు తక్కువ. పేక పోగు పడిన ప్రతిసారీ నేసిన గుడ్డను వెంట్రుకవాసి ముందుకు లాగి చుట్టే పళ్లచక్రాల వరుస ఒకటి అందులో ఉంటుంది. వేగంగా తిరిగే మోటారు నుంచి నెమ్మదైన, తప్పుపోని కదలికను రాబట్టడమే దాని పని. మన పీఠానికి కావలసిందీ అదే విద్య. సాంచాలు బాగుచేసే మేస్త్రీకి బొమ్మ గీసి చూపించి, అతని పక్కన మన భౌతికశాస్త్ర విద్యార్థి కూర్చుంటే, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారు. మొదటి పీఠం కాస్త మొరాయించవచ్చు. మొరాయించనివ్వండి! ఎందుకు మొరాయించిందో కనుక్కోవడం కూడా చదువే.

సూర్యుడి పరిశీలన మన తెలుగునేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి మన వనపర్తి నుంచి పరిశీలించాడు. ఆ గ్రహణంలో సూర్యకాంతిలో కనిపించిన ఒక పసుపు గీతే తరువాత హీలియం అనే మూలకం పేరుకు దారితీసింది. భూమ్మీద ఆ హీలియం 1895లో గాని దొరకలేదు. అయితే నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది జాన్సెన్ మర్నాడు చేసిన పని. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలలు గ్రహణమప్పుడే కనిపిస్తాయని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. ఆయన మర్నాడు, గ్రహణం లేని మామూలు ఎండలో, వర్ణపటదర్శినితో వాటిని మళ్లీ పట్టుకున్నాడు. సూర్యుణ్ణి చదవడానికి గ్రహణం దాకా ఆగనక్కర్లేదని లోకానికి తెలిసింది మన గుంటూరు నుంచే.

మనమింకా గ్రహణాల కోసమే ఆగుతున్నాం. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం తెలంగాణ మీదుగా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్–రంగాపూర్ వేధశాలకు దేశవిదేశాల శాస్త్రజ్ఞులు వచ్చారు. అదే రోజు ఎన్నో ఇళ్లల్లో తలుపులు మూసుకున్నారు. ఈనాటికీ గ్రహణమంటే తలుపులు మూసే ఇళ్లు మా వైపు ఉన్నాయి. గ్రహణం రోజున వెళ్లి ఉపన్యాసం ఇస్తే ఆ తలుపులు తెరుచుకోవు. మామూలు రోజున, మామూలు ఎండలో, అదే సూర్యుణ్ణి పదిసార్లు చూసిన పిల్ల ఇంటికి వెళ్లి చెబితే తెరుచుకుంటాయి.

ఇంతకీ చూసి ఏం చేయాలి? బొమ్మ గీయాలి. టెలిస్కోపు నుంచి వచ్చే బింబాన్ని తెల్లకాగితం మీద పడేట్టు చేసి, మచ్చలున్న చోట పెన్సిలుతో గుర్తు పెట్టాలి. గెలీలియో 1612లో ఇలాంటి బొమ్మలే గీశాడు. దీనికి పది నిమిషాలైనా బింబం నిలకడగా ఉండాలి, పీఠం విలువ అక్కడ తెలుస్తుంది. పడమర ఎటో తెలియాలంటే మోటారు ఒక్క క్షణం ఆపండి. మచ్చ జరిగిపోయిన దిక్కే పడమర. మచ్చ అంటే చల్లబడిన చోటు. చుట్టూ సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటే అక్కడ 3,500 చుట్టూ ఉంటుంది. ఆ చిన్న చుక్కల్లో కొన్ని మన భూమికన్నా పెద్దవి.

ఇక్కడ రైతుబిడ్డగా నాకు ముచ్చటైన సంగతి ఒకటి ఉంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి మన లెక్కన దాదాపు 27 రోజులు పడుతుంది. అంటే తూర్పు అంచున పుట్టిన మచ్చ పడమర అంచుకు చేరడానికి పదమూడు, పద్నాలుగు రోజులు. మన కార్తె కూడా అంతే! రోహిణి పోయి మృగశిర వచ్చేలోగా ఒక మచ్చ సూర్యుడి ముఖాన్ని దాటేస్తుంది. ఇది కాకతాళీయమే, రెంటికీ సంబంధం లేదు. కాని కార్తెలు లెక్కపెట్టే ఇంట్లో ఈ లెక్క ఒక్కసారి చెబితే మరిచిపోరు. పీఠాన్ని ఒక వారం కోరుట్లలో, మరుసటి వారం జగిత్యాలలో ఉంచితే, కోరుట్ల పిల్లలు తూర్పు అంచున చూసిన మచ్చను జగిత్యాల పిల్లలు పడమర అంచున సాగనంపుతారు. మచ్చ బతికుంటే, మరో రెండు వారాలకు సిరిసిల్ల పిల్లలు దాన్ని మళ్లీ తూర్పున పట్టుకుంటారు. మూడు ఊళ్లు కలిసి సూర్యుడి చుట్టుకొలత తిరిగివచ్చినట్టే కదా!

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది మా బాపుదే. "గది వాన ఎప్పుడు పడ్తదో చెప్తదా బిడ్డా?" అని అడిగిండు. చెప్పదు. సూర్యుడి మచ్చలు చూసి మన వానకాలాన్ని చెప్పలేం, చెబుతామనే వాళ్లను నమ్మనూ కూడదు. కాని రైతుకు సంబంధమే లేదనీ అనలేం. 2024 మే నెలలో సూర్యుడి మీద పెద్ద పేలుళ్లు జరిగి భూమికి అయస్కాంత తుఫాను తాకినప్పుడు, అమెరికాలో ఉపగ్రహాల దారి చూపుతో విత్తనం వేసే ట్రాక్టర్లు గురి తప్పి ఆగిపోయాయి. సరిగ్గా విత్తే అదనులో! ఆ రాత్రుల్లోనే మన లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. మన పొలాల మీద కూడా మందు కొట్టే డ్రోన్లు వచ్చాయి. అవీ ఆ ఉపగ్రహాలనే నమ్ముకున్నాయి. ఈ మాట చెబితే బాపు కాసేపు ఆగి, "అయితే చూడుండ్రి" అన్నడు.

రెండోది భద్రత. ఇందులో రాజీ లేదు. వట్టి టెలిస్కోపులోంచి సూర్యుణ్ణి క్షణం చూసినా కన్ను పోవచ్చు. ధ్రువీకరించిన ఫిల్టరు గొట్టం ముందువైపున, గాలికి ఊడకుండా బిగించి ఉండాలి. కంటి దగ్గర పెట్టే ఫిల్టరు వేడికి పగులుతుంది, అది వద్దు. మసిగాజు, ఎక్స్‌రే ఫిల్ము అసలే వద్దు. గురిచూసే చిన్న గొట్టానికి మూత ఉండాలి. కాగితం మీద బింబం వేసేటప్పుడు ముందు ఫిల్టరు ఉండదు కనుక గొట్టంలోకి ఎవరూ తొంగిచూడకుండా అధ్యాపకులొకరు పక్కనే నిలబడాలి. పీఠం దానంతట అది తిరుగుతోంది కదా అని వదిలి వెళ్లడానికి వీల్లేదు.

మూడోది ఖర్చు. నిజమే, ఊరికే రాదు. కాని నేను చదివిన ఒక బడిలో టెలిస్కోపు ఉండేది. బీరువాకు తాళం, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. వాడకపోతే ఎంత చవకదైనా దండగే. మూడు ఊళ్లలో వందలమంది చూసే పీఠానికి తలకు పడే ఖర్చు ఎంత? ఒక్క వార్షికోత్సవం పందిరి, లైట్లు, సౌండు బాక్సుల ఖర్చు పక్కన పెట్టి లెక్క చూడండి.

ఆలస్యం చేయకూడదనడానికి మరో కారణం కూడా ఉంది. మచ్చలు దాదాపు పదకొండేళ్లకొకసారి పెరిగి తగ్గుతాయి. ఈ విడత 2024లో గరిష్ఠ దశకు చేరిందని శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇకమీద తగ్గుతూ పోతాయి. ఇప్పుడే మొదలుపెడితే దండిగా మచ్చలు చూసి చెయ్యి తిప్పుకోవచ్చు. తరువాత వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు అదే పుస్తకంలో గీస్తూ పోతే, పదకొండేళ్లకు ఒక పూర్తి విడత మన కాలేజీ చేతిరాతలో నిలుస్తుంది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఆదిత్య ఎల్-1 బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన తన చోటికి చేరింది. మనమంతా ఆ రోజు చప్పట్లు కొట్టాం. చప్పట్లు కొట్టిన మనలో ఎందరు సూర్యుడి మీద ఒక్క మచ్చనైనా కళ్లారా చూశారు?

విద్యార్థి సంఘం పెద్దలకు, భౌతికశాస్త్ర అధ్యాపకులకు, ఈ సంచికను చదివే పూర్వ విద్యార్థులకు నా మనవి. వానకాలం మబ్బులు తొలగి నవంబరు వచ్చేసరికి ఒక పీఠం, ఒక చిన్న టెలిస్కోపు, ఒక గీతల పుస్తకం సిద్ధం చేయండి. మోసుకుపోవడానికి మేమున్నాం. కోరుట్ల బస్సులో నా పక్క సీటు దానికిస్తాను.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి