కొల్లేరు ఇరుకైతే ఊళ్లకే ముంపు

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. డాబాల మీద చిక్కుకున్న కుటుంబాలకు డ్రోన్లతో అన్నం పొట్లాలు, మంచినీళ్లు అందించాల్సి వచ్చింది. ఎడమగట్టుకు పడిన గండ్లు పూడ్చడానికి సైన్యం దిగింది. గండ్లు పూడాయి, ఇళ్లలో బురద కడుక్కున్నారు, నష్టపరిహారం జాబితాలు తయారయ్యాయి. బుడమేరు చివరికి చేరాల్సిన కొల్లేరు ఏ స్థితిలో ఉందన్న విషయం మాత్రం చర్చలో వెనకబడిపోయింది. వచ్చే ముప్పు అక్కడే పొంచి ఉంది.

మైలవరం కొండల మీద పడిన వాన గంటల వ్యవధిలో బుడమేరుగా మారి మైదానం మీదికి వస్తుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర వరదను మళ్లింపు కాల్వలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణ సాధారణ స్థాయిలో ఉన్నంతవరకే అది పనిచేస్తుంది. 2024లో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నిండుగా పారుతున్న నదిలోకి కాల్వ నీరు దిగలేదు. అలాంటి రోజున బుడమేరుకు మిగిలే దారి పాత ఏరే. ఆ ఏరు నగరంలో ఆక్రమణలతో కుంచించుకుపోయి, మురుగు మోసే కాల్వగా మిగిలింది. దాని గమ్యస్థానం కొల్లేరు.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, డెల్టా డ్రెయిన్లు ఎన్నో ఇందులోకే వస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు పారి అది సముద్రంలో కలుస్తుంది. పది దారుల్లో వచ్చే నీరు ఒక్క దారిన పోవాలంటే, నాలుగు రోజులు నిలవడానికి చోటు కావాలి. కొల్లేరు ఇచ్చేది ఆ చోటే. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద 901 చదరపు కిలోమీటర్లను అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా గుర్తించారు. అంతకుముందే, 1999లో, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. వేసవిలో బీడుగా కనిపించే ఆ నేల భాద్రపదంలో వరదకు ఆశ్రయం.

ఆ చోటును చేపల చెరువులు మింగేశాయి. 1970ల్లో పేదల సొసైటీల పేరిట చెరువులను ప్రోత్సహించింది ప్రభుత్వమే. క్రమంగా అవి లీజుల మీద పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్లాయి. సుప్రీంకోర్టు సాధికార కమిటీ జోక్యంతో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు పగలగొట్టారు. నిఘా సడలగానే పొక్లెయిన్లు తిరిగొచ్చాయి, గట్లు మళ్లీ లేచాయి. ఒక్కో గట్టు వరద చోటును కొంత కాజేస్తుంది, వచ్చిన నీటి నడకను అడ్డుకుంటుంది. పెదయడ్లగాడి వంతెన దగ్గర నిలబడి చూసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. గుర్రపుడెక్క చాపలా కమ్మి ఖానాలకు అడ్డం పడుతుంది. ఎగువన నీరు పెరుగుతూనే ఉంటుంది, దిగువకు సన్నగా జారుతుంది. లంక గ్రామాల దారులు మునిగి, ఏలూరు–కైకలూరు రాకపోకలు ఆగుతాయి.

వేసవిలో కథ తిరగబడుతుంది. పై నుంచి మంచినీటి ఒత్తిడి తగ్గినప్పుడు ఉప్పుటేరు గుండా ఆటుపోట్ల నీరు పైకి ఎగదన్నుతుంది. పూడిక, ఆక్రమణలతో ఏరు ఇరుకైన కొద్దీ వరద పోవడమూ కష్టమే, ఉప్పు వదలడమూ కష్టమే. పల్లపు పొలాల్లో, తాగునీటి చెరువుల్లో చవుడు చేరుతుంది. మావులు వేసి కొర్రమీను, వాలుగ, ఇంగిలాయి పట్టుకుని బతికిన వడ్డి కుటుంబాలు తమ సరస్సు ఒడ్డునే చెరువుల్లో కూలీలయ్యాయి. గూళ్లకు చెట్లు చాలక ఆటపాకలో గూడబాతులకు ఇనుప స్టాండ్లు నిలబెట్టాల్సి వచ్చింది. ఇంతకన్నా స్పష్టమైన సూచన ఇంకేం కావాలి?

అయినా అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న మాట ఎన్నికల వేళల్లో తిరిగి తిరిగి వస్తూనే ఉంది. 2008లో శాసనసభ తీర్మానమే చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం ఐదో కాంటూరును తగ్గించవద్దనే చెప్పింది, అందులోని పట్టా భూములను సేకరించమంది. ఆ సలహాలో న్యాయం ఉంది. జిరాయితీ రైతు తన భూమిలో ఏమీ చేసుకోలేక, పరిహారమూ అందక ఏళ్ల తరబడి నలిగిపోతున్నాడు. అతని గోడును ముందు పెట్టి, వెనక వందల ఎకరాల చెరువులున్నవారు లాభపడటం ఇకనైనా ఆగాలి. సన్నకారు రైతుకు పరిహారం, వడ్డి కుటుంబాలకు సరస్సులో వేట హక్కు దక్కితే కుదింపు వాదనకు ఆధారమే ఉండదు.

చేయాల్సినవి అందరికీ తెలిసినవే. ఐదో కాంటూరు హద్దురాళ్లు నాటి, లోపలి అక్రమ గట్లను తొలగించాలి. మళ్లీ కట్టినవారిపైనే కాక, చూసీ చూడనట్టు ఊరుకున్న అధికారులపైనా చర్య తీసుకోవాలి. ఉప్పుటేరు పూడిక తీసి, ఉప్పునీరు ఎగదన్నకుండా రెగ్యులేటర్లు పూర్తిచేయాలి. ఏలూరు, విజయవాడల మురుగును శుద్ధి చేశాకే ఏర్లలోకి వదలాలి. బుడమేరు పనులను బెజవాడకు ఒక పథకంగా, కొల్లేరుకు ఇంకో పథకంగా విడదీయకుండా, మైలవరం కొండల నుంచి సముద్రం దాకా ఒకే ప్రణాళిక కిందికి తేవాలి. నగరంలో గట్టు ఎత్తు పెంచి దిగువన సరస్సును చెరువులకు వదిలేస్తే, వరద ఆగదు. సింగ్‌నగర్ నుంచి లంక గ్రామాలకు మారుతుంది, అంతే.

మైలవరం కొండల మీద అలాంటి వాన మళ్లీ కురుస్తుంది. ఆ రోజున నీటికి చోటు ఉండాలంటే గట్లు ఇప్పుడే తొలగాలి. ఈ వేసవినీ లీజుల లెక్కలతోనే గడిపేస్తే, రేపటి ముంపుకు ప్రకృతిని నిందించే హక్కు పాలకులకు ఉండదు.