రిపేరా, కబాడీనా?



"ఆ పైసలకు ఇంకొన్ని వేసుకుంటే కొత్తదే వస్తది కదా!" ఇప్పుడు మన ఇళ్లలో ఏ వస్తువు చెడిపోయినా మొదట వినిపించే మాట ఇదే. మిక్సీ ఆగినా, కూలర్ పంపు నీళ్లు ఎత్తకపోయినా, టీవీలో బొమ్మ పోయినా ఇదే మాట. ఆ "ఇంకొన్ని" ఎన్నో ఎవరూ లెక్క కట్టరు. ఫోన్‌లో ఈఎంఐ చూసుకుంటారు. పాతది కబాడీవాలా బండెక్కుతుంది.

నేను చెప్పేది సీదా మాట. చెడిపోయిన ప్రతి వస్తువూ బాగు చేయించదగ్గది కాదు. కానీ పుర్జా ఏది పోయిందో కూడా అడగకుండా పారేయడం మాత్రం ఇస్రాఫ్. అన్నం పారేస్తే గునాహ్ అని పిల్లలకు నేర్పే మనకు రాగి, ఇనుము పారేసేటప్పుడు ఆ మాట యాదికి రాదు.

ముందు హిసాబ్ చూద్దాం. మిక్సీ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయిందా? కింద చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా అదే కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కితే చాలాసార్లు మళ్లీ తిరుగుతుంది. మోటారు చప్పుడు వస్తూ జార్ తిరగకపోతే, జార్ కింది కప్లర్ అరిగిందేమో చూడాలి. నిప్పురవ్వలు ఎక్కువగా వస్తుంటే కార్బన్ బ్రష్‌ల పని పట్టాలి. ఇవన్నీ కొత్త మిక్సీ ధర ముందు చిల్లర ఖర్చులే.

సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిరుగుతుంటే ఎక్కువసార్లు కసూర్ కెపాసిటర్‌ది. గరగరమంటే బేరింగ్‌ది. టీవీలో మాటలు వినిపిస్తూ బొమ్మ కనిపించకపోతే చీకట్లో టార్చి వేసి తెరను దగ్గరగా చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే ప్యానెల్ బతికే ఉన్నట్టు. వెనకాల లైట్ పట్టీలు మార్పిస్తే సరిపోవచ్చు. ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గితే తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. ఆ కాగితం సులువుగా జారి వస్తే రబ్బరు గ్యాస్కెట్ వదులైనట్టే. దానికి కంప్రెసర్ పోయిందని ఏడవక్కర్లేదు.

ఇక రెండో వైపు. టీవీ ప్యానెల్ పగిలితే ఆశ వదులుకోవడమే మంచిది, కొత్త ప్యానెల్ ధర కొత్త టీవీకి దగ్గరగా ఉంటుంది. ఒళ్లంతా తుప్పు పట్టిన ఫ్రిజ్‌కు కొత్త కంప్రెసర్ వేయించడం ఫజూల్‌ఖర్చీ. ఏసీకి లీకు ఎక్కడుందో వెతకకుండా ఏటా గ్యాస్ నింపించడం చిల్లుకుండలో నీళ్లు పోయడం. మైక్రోవేవ్ అయితే ఇంట్లో ఎవరూ విప్పొద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉండొచ్చు.

కరెంటు బిల్లు కూడా హిసాబ్‌లోకి రావాలి. పాత ఫ్యాన్ 75 వాట్లు తాగితే, ఇప్పటి బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల దాకా చాలు. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు తిరిగితే తేడా 162 యూనిట్లు. యూనిట్ 5 రూపాయలనుకుంటే 810 రూపాయలు. ఎప్పుడూ తిరిగే ఫ్యాన్ మోటారు కాలిపోతే వైండింగ్ చేయించకుండా కొత్తది కొనడమే అఖల్‌మందీ. మెహమాన్ల గదిలో ఎప్పుడో తిరిగే ఫ్యాన్‌కు కెపాసిటర్ మార్పించడమే నయం.

హిసాబ్‌లో ఇంకోటుంది, దాని గురించి మనం మాట్లాడుకోం. మన ఇళ్లలో చాలా ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఎక్కడివి? జహేజ్‌లో వచ్చినవి. జహేజ్ తీసుకోవడమే తప్పు, దాని గురించి ఇంకోసారి రాస్తాను. కానీ ఒక బాప్ కర్జ్ చేసి కొనిచ్చిన మెషీన్ ఐదేళ్లకే కబాడీకి పోతుంటే, అక్కడ ఆయన కిస్తులు ఇంకా కడుతూనే ఉంటాడు. పంపు మార్పిస్తే నడిచే మెషీన్‌ను అలా తోసేయడం ఆ ఇంటి మీద రెండో జుల్మ్.

ఇక మిస్త్రీల మాట. ఉర్దూ మీడియంలో నాతో చదివినవాళ్లలో కొందరు ఈ పనిలోకే వెళ్లారు. ఉస్తాద్ దగ్గర ఏళ్ల తరబడి చాయ్ తెచ్చి, స్క్రూలు విప్పి, తిట్లు తిని నేర్చుకున్న హునర్ అది. టేప్‌రికార్డర్ నుంచి సెల్‌ఫోన్ దాకా ప్రతి మార్పునూ ఏ కాలేజీకీ పోకుండానే అందుకున్నారు. హైదరాబాద్‌లో ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కు పోయి చూడండి, వేలెడంత జాగాలో భూతద్దం కింద ఎంత బారీక్ పని నడుస్తుందో! అలాంటి చేతికి మూడొందలు ఇవ్వాలంటే "ఇరవై రూపాయల పుర్జాకు ఇంతనా?" అంటాం. షోరూంలో ఎంత రాసుంటే అంత కట్టి వస్తాం. మజ్దూర్ చెమట ఆరేలోగా మజ్దూరీ ఇమ్మని చెప్పే దీన్ మనది. మనమేమో మిస్త్రీతోనే బేరమాడతాం.

రిష్తాల దగ్గర ఇంకా ఘోరం. "లడ్కా క్యా కర్తా?" అని అడిగి, మెకానిక్ అని తెలిస్తే చాయ్ కప్పు కింద పెట్టేస్తారు. హుజూర్ (స) తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పిన మాట బయాన్లలో విని సుబ్‌హానల్లాహ్ అంటాం. బయటికొచ్చి చేతిపనిని చిన్నచూపు చూస్తాం. అందుకే మిస్త్రీలు తమ పిల్లల్ని ఆ దుకాణంలో కూర్చోబెట్టడం లేదు. ఉస్తాద్ పోతే ఆ హునర్ కూడా ఆయనతోనే పోతుంది.

మిస్త్రీ భాయీలకూ ఒక మాట. "కల్ ఆవో" అని నెల రోజులు తిప్పడం, రాగి వైండింగ్ అని చెప్పి అల్యూమినియం చుట్టడం, మంచి పుర్జా తీసి పాతది వేయడం, ఇవన్నీ అమానత్‌లో ఖియానత్. కొత్తది కొనడమే మేలని జనం అనుకోవడంలో మీ హిస్సా కూడా ఉంది. బిల్లు ఇవ్వండి, తీసేసిన పుర్జా చేతిలో పెట్టండి, మూడు నెలల జబాన్ ఇవ్వండి.

కంపెనీలు దీనికంటే పెద్ద దోషులు. బ్యాటరీని గమ్‌తో అతికిస్తాయి, పుర్జాలు దొరకనివ్వవు. ఫ్రాన్స్‌లో ఫోన్లు, టీవీల వంటి కొన్ని వస్తువుల మీద రిపేరు ఎంత సులువో పదికి మార్కులు రాయాలన్న నియమం 2021లో అమల్లోకి వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. ఫోన్లు, ఇంటి సామాన్లు, బండ్లు, వ్యవసాయ పరికరాలు దాని కిందికి వస్తాయి. మంచిదే, కానీ పోర్టల్ చట్టం కాదు. పుర్జా అమ్మనంటే జుర్మానా పడేలా చట్టం రావాలి. అప్పటిదాకా కొనే ముందు మనమే అడగాలి: దీని పుర్జా ఈ ఊళ్లో దొరుకుతుందా?

పారేసినవి మాయమైపోవు. రాగి కోసం వైర్లు కాల్చే పొగ షోరూంల వైపు పోదు, మన బస్తీల్లోని పిల్లల ఛాతీల్లోకే పోతుంది.

పదో తరగతి పాసై ఇంటర్‌లో మనసు పెట్టని పిల్లాడు మీ ఇంట్లో ఉంటే ఐటీఐలో ఎలక్ట్రీషియన్, లేదంటే ఫ్రిజ్-ఏసీ మెకానిక్ కోర్సు చూడండి. రెండేళ్ల చదువు, హలాల్ రోజీ. ఇంకో మాట, రంజాన్ ముందు ఇల్లు సఫాయీ చేస్తారు కదా, అప్పుడు మచాన్ మీద మూలుగుతున్న వస్తువుల్లో ఒక్కదాన్ని కబాడీకి వేయకుండా గల్లీలోని మిస్త్రీ దగ్గరికి తీసుకుపోండి. బాగైతే మీరు వాడుకోండి, లేదంటే అవసరమున్న ఇంటికి ఇవ్వండి. ఆయన అడిగిన మజ్దూరీ మాత్రం బేరం చేయకుండా ఇచ్చి రండి.