కుక్క జాతిపై నేరముద్ర

పిట్‌బుల్, రాట్‌వీలర్ సహా 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధితుల వాదన వినలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లోనే దాన్ని కొట్టేసింది.

జనం భయం ఉత్తది కాదు. 2022లో లక్నోలో 82 ఏళ్ల వృద్ధురాలిని ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్లే చంపింది. బలమైన దవడలున్న కుక్క కరిస్తే గాయం ఘోరంగానే ఉంటుంది. అయితే గాయం తీవ్రత వేరు, కరిచే గుణం వేరు. 18 వేలకు పైగా కుక్కల వివరాలు సేకరించిన ఒక అధ్యయనం 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాల్లో జాతి వాటా సుమారు 9 శాతమేనని అది తేల్చింది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడి ప్రాణం తీసినవి ఏ జాబితాలోనూ లేని వీధికుక్కలు. ఆ దాడి వీడియో చూసినవారికి కడుపు తరుక్కుపోయింది.

రోజంతా గొలుసుకు కట్టేసి, మనుషుల మచ్చిక లేకుండా పెంచి, కాపలా పేరుతో కసి నేర్పితే ఏ కుక్కయినా మీద పడుతుంది. అందుకే జాతి పేరు కన్నా ముందు యజమానిని అడగాలి: లైసెన్సు ఉందా, రేబిస్ టీకా వేయించారా, వీధిలోకి తెచ్చేటప్పుడు మూతికి చిక్కం కడుతున్నారా? ఈ ప్రశ్నలతో మున్సిపల్ సిబ్బంది గడప గడపకూ వెళ్లాలి.