కొలతకు కట్టిన విద్యుత్ సైకిలు

కొండపల్లి బొమ్మను గాని, ఏటికొప్పాక లక్కపిడతను గాని చూసినప్పుడు అది అందంగా ఉన్నదని మనకు మరొకరు చెప్పనక్కరలేదు. అయితే తరాలుగా వంటింట్లో తిరుగుతున్న కవ్వానికీ, పొలానికి వెళ్ళి వచ్చే ఎడ్లబండికీ కూడా ఒక అందమున్నది. అది అలంకారం వల్ల వచ్చినది కాదు. చేయవలసిన పనికీ, పట్టుకునే చేతికీ, తిరిగే నేలకూ ఆ వస్తువు ఒదిగిపోవడం వల్ల వచ్చినది. ఈ మాసం ఈ శీర్షికలో అటువంటి ఒదుగుదలను ఒక కొత్త వస్తువులో వెదకాలని మేము సంకల్పించాము. అది విద్యుత్ సైకిలు. అందునా దుకాణంలో వరుసగా నిలబెట్టి అమ్మేది కాదు. విడిభాగాలు తెప్పించి, వాడే మనిషి కొలతకు కట్టించుకునేది.

ఈ పరిశీలనకు అండమాన్ నికోబార్ దీవులను ఎన్నుకోవడానికి కారణాలున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వారిలో ఉత్తరాంధ్ర తీరం నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఎన్నో. పైగా సైకిలు ఇక్కడ గౌరవమెరిగిన వాహనం. 2004 సునామీని బాల్యంలో ఎదుర్కొని బయటపడిన దెబోరా హెరాల్డ్ ఈ దీవుల నుంచే దేశం గర్వించదగిన ట్రాక్ సైక్లిస్టుగా ఎదిగారు. నికోబార్ వాసి ఈసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండులోని ఏగిల్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో రజత పతకాన్ని, 2019లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో సహచరులతో కలిసి జట్టు స్ప్రింట్‌లో స్వర్ణాన్ని సాధించారు. అటువంటి క్రీడాకారుల సైకిలును వారి కాలి పొడవుకు, చేతి చాపుకు మిల్లీమీటర్లలో కొలిచి సరిచేస్తారు. పతకం కోసం కాక, పొద్దున్నే కార్యాలయానికి చేరడం కోసం తొక్కే ఉద్యోగికి మాత్రం ఆ కొలత ఎందుకు దక్కరాదు?

విద్యుత్ సైకిలు నిన్న మొన్నటి ఆలోచన కాదు. వెనుక చక్రం ఇరుసులోనే మోటారు అమర్చిన సైకిలుకు అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబరు 31న పేటెంటు పొందాడు. బ్యాటరీని చట్రం నడుమ త్రికోణంలో వేలాడదీసిన ఆ చిత్రాన్ని నేటి వారు చూస్తే తమ కాలపుదే అనుకుంటారు. ఆలోచన సిద్ధంగానే ఉన్నది గాని దానిని మోయగల తేలికైన బ్యాటరీయే లేదు. 1991లో లిథియం అయాన్ ఘటాలు విపణిలోకి వచ్చాయి. 1993లో జపానులో యమహా సంస్థ, తొక్కే బలాన్ని గుర్తించి దానికి తగినంత సాయం మాత్రమే అందించే సైకిలును అమ్మకానికి పెట్టింది. మనిషిని పక్కకు నెట్టకుండా అతనికి భుజం కలపడం అనే ఈ భావనలోనే విద్యుత్ సైకిలు సౌందర్యానికి బీజమున్నదని మా అభిప్రాయం.

ఇప్పుడు కాగితం మీద ఒక సైకిలు కట్టి చూద్దాము. గరచర్మలో నివాసం, అబర్డీన్ బజారు సమీపంలో కార్యాలయం, వయస్సు 50 దాటిన ఒక సోదరీమణి ఉన్నారనుకుందాము. పోనూ రానూ సుమారు 15 కిలోమీటర్లు. మోకాళ్ళు అప్పుడప్పుడు మొరాయిస్తాయి. నిన్నటి పోర్ట్ బ్లెయిర్, 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం, ఎత్తుపల్లాల నగరం. ఇక్కడ ఒక దిబ్బ దిగగానే మరొకటి ఎదురవుతుంది. మనిషి, సైకిలు, చేతిసంచి కలిపి 90 కిలోలు అనుకొని, 6 శాతం ఎత్తును గంటకు 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే సుమారు 200 వాట్ల శక్తి కావాలి. ఆమె ఆయాసపడకుండా ఇవ్వగలిగినది 75 లేక 80 వాట్లు. తక్కిన 120 వాట్లు మోటారు ఇస్తే చాలు. 250 వాట్ల లోపు మోటారు ఈ పనిని సునాయాసంగా చేస్తుంది. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకు లోబడి ఉంటే దానికి రిజిస్ట్రేషను అక్కరలేదు. 1,000 వాట్ల మోటారు బిగించి స్కూటర్లను దాటిపోవాలని ఉబలాటపడే యువకులు ఈ లెక్కను ఒకసారి చూడాలి. అవసరానికి మించిన బలం సైకిలు చట్రానికీ, బ్రేకులకూ భారమే. చట్టం దృష్టిలో అది సైకిలే కాదు.

చట్రంతో ప్రారంభిద్దాము. అల్యూమినియం తేలికైనది, తుప్పు పట్టదు అనుకొని చాలామంది దానివైపే మొగ్గుతారు. మేము ఈ దీవులకు ఉక్కునే సిఫారసు చేస్తాము. ఉప్పు తేమలో అల్యూమినియం గొట్టానికి స్టీలు బోల్టు తగిలిన చోట లోలోపల క్షయం మొదలవుతుంది. పైకి కనబడేనాటికి బోల్టు ఊడిరాదు. పగులు వస్తే దానిని అతకడానికి ప్రత్యేకమైన వెల్డింగు, ఆ తర్వాత వేడిచేసి గట్టిపరచే ప్రక్రియ కావాలి. ఉక్కు అలా మోసగించదు. ఎర్రగా మరక వేసి ముందే హెచ్చరిస్తుంది. పేటలోని వెల్డరు దానిని బాగుచేయగలడు. గొట్టాల లోపల నూనె పూత, అడుగున నీరు కారిపోయేందుకు చిన్న రంధ్రం ఉంటే చాలు. బరువు కొంత పెరుగుతుంది, నిజమే. ఆ అదనపు బరువును మోయడానికే కదా మోటారు ఉన్నది! ఇక చట్రం ఆకృతి విషయంలో, చీర కట్టుకున్నవారు సులభంగా ఎక్కి దిగడానికి పై గొట్టం కిందికి వంగి ఉండాలి. వెనుక చక్రానికి చీర చెంగు చిక్కకుండా జాలీ ఉండాలి. ఆ వంపును చూసి ఇది ఎవరి కోసం కట్టినదో మరొకరు గుర్తించగలిగితే అది సార్థకమైన వంపు.

మోటారు విషయంలో, లోపల చిన్న పళ్ళచక్రాలు గల ఇరుసు మోటారు ఈ ఎత్తులకు అనువైనది. కరెంటు ఆపినప్పుడు అది చక్రాన్ని పట్టి లాగదు. మామూలు సైకిలు వలెనే సాగుతుంది. అయితే మోటారు చక్రాన్ని ముందుకు తోసినంత బలంతోనూ దాని ఇరుసు తన గూటిలో వెనక్కు తిరగాలని చూస్తుంది. ఆ ఇరుసును బిగించి పట్టే ఉక్కు పలకను అమర్చని సైకిలు ఎంత మెరిసినా ప్రమాదకరమే. చక్రానికి స్పోకులు బిగించే పనితనం కూడా ఇక్కడే తెలుస్తుంది. అనుభవజ్ఞుడైన మెకానిక్ ఒక్కొక్క స్పోకును వేలితో మీటి శబ్దం వింటాడు. బొబ్బిలి వీణకు తంత్రులు సవరించినట్లు, ఒకే పక్క స్పోకులన్నీ ఒకే స్వరం పలికే వరకు విడిచిపెట్టడు. బిగువు సమంగా ఉన్న చక్రం గుంతలలో వంకర పోదు.

బ్యాటరీ ఎక్కడ ఉన్నదన్నది అందానికీ, నడకకూ కూడా కీలకం. వెనుక క్యారియరు మీద పెడితే మలుపులో సైకిలు తోక ఊపుతుంది. చట్రం నడుమ, వీలైనంత కిందికి అమర్చితే బరువు రెండు చక్రాలకూ పంచుకోబడుతుంది. 36 వోల్టుల, 13 ఆంపియర్ గంటల బ్యాటరీలో సుమారు 468 వాట్ గంటల శక్తి ఉంటుంది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గల 50 ఘటాలతో అది తయారవుతుంది. కిలోమీటరుకు 12 వాట్ గంటలు ఖర్చయితే, మన సోదరీమణికి రెండు రోజుల ప్రయాణం సరిపోయి ఇంకా మిగులుతుంది.

తీగల విషయంలో మన సంస్థ ఎలక్ట్రీషియన్లకు మేము చెప్పదగినదేమీ లేదు. స్తంభం నుంచి ఇంటిలోకి వచ్చే తీగను ఒక వంపు తిప్పి తెస్తారు. వాన నీరు ఆ వంపు వద్దనే జారిపోతుంది. సైకిలు మీద ప్రతి కనెక్టరుకు ముందు అదే వంపు ఉండాలి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఈ చిన్న వంపు ఏ రంగుల అలంకారం కన్నా విలువైనది. బ్యాటరీకి ఆనుకొని ఫ్యూజు, బ్రేకు పట్టగానే మోటారును ఆపివేసే స్విచ్చి తప్పనిసరి.

దీపం గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. దేశమంతటికీ ఒకే గడియారం గనుక, తూర్పున ఉన్న ఈ దీవులలో డిసెంబరు నెలలో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. కార్యాలయం విడిచేసరికి చీకటి. ముందూ వెనుకా దీపాలు పెద్ద బ్యాటరీ నుంచే వెలగాలి. మోటారు నిశ్శబ్దం కనుక గంట గట్టిగా మ్రోగాలి.

అలంకారం వద్దని మేము అనడం లేదు. 1883లో స్థాపించిన చాథం రంపపు మిల్లు పేరు వినగానే పడాక్ కలప గుర్తుకు వస్తుంది. ఆ ఎర్రని కలప మన ఎర్రచందనానికి, వేగిసకు వృక్షశాస్త్ర రీత్యా దగ్గరి చుట్టము. చట్టబద్ధంగా కొన్న చిన్న ముక్కతో హ్యాండిలు పిడులు చేయించుకుంటే, చెమట పట్టిన అరచేతికి అవి హితంగా ఉంటాయి. చేతి రాపిడికి ఏటేటా నునుపెక్కుతాయి. వాడిన కొద్దీ ఇనుమడించే అందం అది.

ఇక్కడ కొందరు పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చును. దీవులలో విద్యుత్తు అధిక భాగం నేటికీ డీజిలు జనరేటర్ల నుంచే వస్తున్నది కదా, అటువంటప్పుడు ఈ సైకిలు వల్ల ప్రయోజనమేమి? న్యాయమైన ప్రశ్నే. లీటరు డీజిలుతో జనరేటరు సుమారు 3.5 యూనిట్లు ఇస్తుందనుకుందాము. తీగలలోను, ఛార్జరులోను మూడవ వంతు పోయినా 2.3 యూనిట్లు మిగులుతాయి. దానితో సైకిలు 190 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరు పెట్రోలుతో స్కూటరు తిరిగేది 50 కిలోమీటర్ల మాట. తేలికైన వాహనం, దానికి తోడు మనిషి కాలి సత్తువ, ఈ రెండూ కలిసి చేసిన అద్భుతమిది. కల్పాంగ్ వద్ద 5.25 మెగావాట్ల జలవిద్యుత్తు, గరచర్మలోను పరిసరాలలోను వెలసిన సౌర కేంద్రాలు ఈ లెక్కను మరింత మెరుగుపరుస్తున్నాయి.

ద్వీపవాసులకు మరొక చిక్కున్నది. 160 వాట్ గంటలు దాటిన లిథియం బ్యాటరీని మామూలు ప్రయాణికులు విమానంలో తీసుకురావడానికి వీలులేదు. మన 468 వాట్ గంటల బ్యాటరీ సముద్రం మీదుగానే, అదీ ప్రమాదకర సరుకుగా ముందు తెలియజేసి రావాలి. కనుక ఏదో ఒక కంపెనీకి మాత్రమే తెలిసిన కనెక్టరు, ఆ కంపెనీయే ఇవ్వగల చిప్పు ఉన్న సైకిలు ఇక్కడ ఒక్క వర్షాకాలంలో మూలపడవచ్చును. టైరు, ట్యూబు, చైను, బ్రేకు కట్టలు అబర్డీన్ బజారులో దొరికే కొలతలో ఉండాలి. మోటారు చెడినా తొక్కుకుంటూ ఇల్లు చేరగలగాలి.

చివరిగా కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. లిథియం బ్యాటరీ మంట అంటుకుంటే ఆర్పడం కష్టం. క్వార్టర్లలో మెట్ల కింద, వీధి తలుపు దగ్గర, అందరూ నిద్రించే వేళ ఛార్జి పెట్టవద్దు. ఆ బ్యాటరీకి ఉద్దేశించిన ఛార్జరునే వాడండి. ఉబ్బినదానిని, ఉప్పునీట మునిగినదానిని తిరిగి ఛార్జి చేసే ప్రయత్నం చేయవద్దు. పాత ఘటాలను ఏరి కట్టిన చౌక బ్యాటరీ ఎంత చక్కని పెట్టెలో వచ్చినా ఇంటికి తేవద్దు. కంటికి కనబడని ఆ పెట్టె లోపలి శుభ్రతే ఈ వాహనపు అసలైన అందం. పిల్లలున్న ఇంటికి అది మరీ ముఖ్యం. సముద్రపు ఒడ్డున తిరిగి వచ్చిన రోజున తడిగుడ్డతో ఉప్పు తుడిచి, చైనుకు నూనె వేయండి. వేసవిలో ధనిఖారి జలాశయం తగ్గినప్పుడు కూడా ఒక చెంబెడు మంచినీరు ఇందుకు చాలును.

మన ఉద్యోగులలో ఎవరైనా ఇటువంటి సైకిలును కట్టించుకొని ఉంటే, దాని ఛాయాచిత్రం, ఉపయోగించిన భాగాల వివరాలు, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నదీ రాసి పంపవలసినదిగా కోరుతున్నాము. రంగు ఏదైనా పరవాలేదు. తీగలు ఏ వైపు నుంచి వెళ్ళాయో కనబడేటట్లు మాత్రం ఫోటో తీయించండి.