ఆదిక్రైస్తవులు కూడిన తావులు

రోమా నగరపు భూగర్భ సమాధులలో దాగి, దివ్వెల వెలుగున ప్రార్థించు క్రైస్తవుల చిత్రమును మనలో పలువురు చూచియుందురు. అది మనస్సును కదలించునే గాని నమ్మదగినది కాదని నా యభిప్రాయము. ఆ సొరంగములు నగరము వెలుపల శవములను ఉంచుటకై త్రవ్వినవి. మృతుల స్మరణార్థము అచ్చట కొందఱు కూడుట కలదు; వారము వారము సంఘమంతయు కూడుటకు ఆ యిఱుకు త్రోవలు చాలవు.

వారు కూడినది ఇండ్లలో. ఫిలిప్పీలో లూదియ, రోమాలో అకుల ప్రిస్కిల్లలు తమ తలుపులు తెఱచిరి. త్రోయలో మూడవ అంతస్తున పౌలు ప్రసంగము అర్ధరాత్రివఱకు సాగగా, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రించి క్రిందపడెను. (మన విద్యార్థులు అతనిపై జాలిపడక మానరు!) సొరంగముల కథ ప్రబలుటచే, ఇరుగుపొరుగువారి కన్నులయెదుట సంఘమును చేర్చుకొన్న ఆ గృహస్థుల ధైర్యము మఱుగుపడుచున్నది. ఇదియే నా వ్యథ.

గ్రంథసాక్ష్యము చాలదనువారు దూరా యూరోపసును చూడవలెను. నేటి సిరియాలో, యూఫ్రటీసు తీరమున నున్న ఆ పట్టణమున సుమారు 240వ సంవత్సరమున ఒక సామాన్యగృహమును ఆరాధనకై మార్చిరి. రెండు గదుల నడిమి గోడను తీసి సభాశాల చేసిరి. వేఱొక గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, గోడలపై మంచి కాపరిని, నీటిపై నడచు యేసును చిత్రించిరి. సుమారు 256లో పారసీకుల దాడి నెదుర్కొనుటకై రోమా సైనికులు ప్రాకారము వెంబడి మట్టి పోయగా ఇల్లు పూడిపోయెను. ఆ మట్టియే దానిని కాపాడి, 1932లో త్రవ్వకముదారుల కప్పగించినది. దానికి గోపురము లేదు, గంట లేదు. వీధినుండి చూచువానికి అది ప్రక్కయిండ్లవంటి యిల్లే.